నిన్నటి నీళ్ళు

మొయినుద్దీన్ ముప్పయ్యారేళ్ళుగా లోకాన్ని తెరలోంచే చూశాడు. తెనాలి మార్కెట్ వెనక సందులో ఆయన కుట్టుమిషను, దాని మీద ఎప్పుడూ తెల్లటి దోమతెర గుడ్డ. అంచు సరిచూసుకోవడానికి గుడ్డ పైకెత్తినప్పుడల్లా ఎదురింటి గోడ, సైకిళ్ళు, వచ్చేపోయే మనుషులు అన్నీ పల్చటి మంచులో కదులుతున్నట్టు కనిపించేవి. చూసి చూసి ఆయన కళ్ళకి ఆ మంచే అలవాటైపోయింది. తెర దించితే లోకం మరీ గట్టిగా, మరీ దగ్గరగా ఉన్నట్టనిపించేది.

తెనాలిలో కుట్టినవి బాపట్లలో, రేపల్లెలో వారానికోసారి తిరిగి అమ్ముకొచ్చేవాడు. ఆ మూడూళ్ళలో ఆయన తెరల కింద ఎంతమంది నిద్రపోయారో లెక్కలేదు. కొత్త పెళ్ళికూతుళ్ళు, పురిటి బిడ్డలు, మంచం పట్టిన ముసలివాళ్ళు. ఇంతమందిని కాచినవాడు సొంత భార్యని మాత్రం దోమ నుంచి కాచుకోలేకపోయాడు. రాతకి ఇలాంటి వేళాకోళాలంటే మహా సరదా.

అది రెండేళ్ళ కిందటి మాట. రేపల్లె దాటి నిజాంపట్నం పోయే దారిలో, కాలువ కట్ట దిగితే, ఆయన భార్య ఆసియా తండ్రి సైదావలిది నలభై సెంట్ల చోటు. రెండు గదుల పెంకుటిల్లు, బావి, చిన్న గుంట, నాలుగు నిమ్మచెట్లు, ఓ అరటి గుబురు. ఇంటి ముందు వేపచెట్టు. వేపచెట్టు కింద పాత రుబ్బురోలు, అంచు ఒక పక్క విరిగినది. సైదావలి దూదేకి పరుపులు కుట్టే మనిషి. రోజూ పొద్దున్నే నమాజు చేసుకుని, బిందెడు నీళ్ళు తెచ్చి ఆ రోలు నింపేవాడు. పిచ్చుకలు, గోరింకలు, కాకులు, అప్పుడప్పుడూ ఓ ఉడత వచ్చి తాగిపోయేవి. దాన్ని ఊళ్ళో అందరూ సైదావలి తొట్టి అనేవాళ్ళు.

ఆసియాకి ఊహ తెలిశాక కంటపడ్డ మొదటి బొమ్మ అదే. ఆవిడ చిన్నప్పటి నుంచీ పొద్దెక్కేదాకా పడుకునే మనిషి. అరుగు మీద నులకమంచంలో సగం కన్ను తెరిస్తే, వేప కొమ్మల్లోంచి దిగిన ఎండలో నాన్న బిందె వంచుతుండేవాడు. నీళ్ళ ధారలో ఎండ మెరిసేది. తొట్టి మొదట్లో ఉన్న పుదీనా మడి తడిసి, ఆ వాసన మంచం దాకా వచ్చేది. ఆసియా మళ్ళీ కళ్ళు మూసుకునేది. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్న ఆ చోటే తన పుట్టిల్లు అని పెళ్ళయిన కొత్తలో మొగుడికి చెప్పింది. మొయినుద్దీన్‌కి ఆ మాట సగమే అర్థమైంది కానీ, చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం మాత్రం ఎప్పటికీ గుర్తుండిపోయింది.

సైదావలి పోయినప్పుడు ఆసియా నలభై రోజులు ఉందామని అక్కడే ఆగిపోయింది. తల్లి మదార్‌బీ ఇద్దత్‌లో లోపలి గదిలో కూర్చుంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు కాబట్టి, బయటి పనంతా ఆసియా మీదే పడింది. రోజూ లేవగానే నాన్న బిందెతో నాన్న తొట్టి నింపింది. నాన్న పేరు మీద పెట్టిన నీళ్ళు ఒక్క చుక్క కూడా పారబొయ్యకూడదని ఆవిడ పంతం. తగ్గినంత మేర పైనుంచి పోసేది. పోసి, అక్కడే వేప మొదట్లో కూర్చుని కాసేపు ఏడ్చుకునేది.

ముప్పయ్యారో రోజున జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. తెనాలిలో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. అందులో రెండు రోజులు మొయినుద్దీన్ వరండాలో గోడకి ఆనుకుని, ఏం కుట్టాలో తెలియక, ఖాళీ చేతులతో కూర్చున్నాడు. మనిషి దక్కింది. జడ పోయింది, ఒంట్లో సత్తువ పోయింది. భయం మాత్రం మిగిలిపోయింది.

ఆ భయం చిన్నది కాదు. తెనాలి ఇంట్లో మేడ మీద గది కిటికీలన్నీ మూయించింది. మంచానికి మొగుడు కుట్టిన తెరల్లోకెల్లా పెద్దది కట్టించుకుంది. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం, తస్బీ పూసలు తిప్పుకోవడం అన్నీ అందులోనే. మదార్‌బీని కూడా తెనాలికే తెచ్చేసుకుంది. ముసలామె మోకాళ్ళు సహకరించక కింద గదిలో ఉండేది. కూతురు పై గదిలో తెరలో, తల్లి కింద గదిలో గోడ వైపు తిరిగి. మధ్యలో మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ మొయినుద్దీన్. ఇల్లంతా కల్లో నడుస్తున్నట్టుండేది, మెలకువ రాని కల.

ఈ ఏడు వానాకాలం మొదట్లో నరసింహం ఫోను చేశాడు. పక్క చేను వాడు, ఆసియాని అక్కా అని పిలుస్తాడు. ఆ నలభై సెంట్లూ కౌలుకిస్తే తన చేపల చెరువులో కలుపుకుంటానన్నాడు. మంచివాడే. ఖాళీగా పాడుపెట్టడం దేనికన్నాడు, అంతే.

ఆసియా తెరలోంచే మొగుడితో చెప్పింది.

"నాన్న పోయిన రెండో ఏటి ఫాతిహాకి వస్తానండి. ఆ సాయంత్రం వేపచెట్టు కింద, తెర లేకుండా, పొద్దు గూకేదాకా కూర్చుంటా. కూర్చోగలిగితే ఇక అక్కడే ఉండిపోదాం. లేదంటే నరసింహానికి ఇచ్చేద్దాం. మళ్ళీ ఆ ఊరి మాట ఎత్తొద్దు."

ఏడవకుండా చెప్పింది. అందుకే అది ఉత్త మాట కాదని ఆయనకి తెలిసింది. ఆ చోటు చేతులు మారిందంటే ఈ మనిషి ఈ తెరలోంచి ఇక బయటికి రాదు. తను కుట్టిన తెరలోనే తన భార్య ముసలిదైపోతుంది.

"ఇంకోటండి," అంది ఆసియా. "మందులు కొట్టొద్దు. నాన్న పిట్టలు చచ్చిపోతాయి. తొట్టి మాత్రం రోజూ నింపండి. పారబొయ్యొద్దు."

మొయినుద్దీన్ మిషను మీద ముసుగేసి, ఇంటిని కాస్త కనిపెట్టి ఉండమని పక్కింటివాళ్ళకి చెప్పి, రేపల్లె ప్యాసింజరెక్కాడు. నెలన్నర వ్యవధి ఉంది.

అయితే దోమతెర కుట్టడం తెలిసినవాడికి దోమ సంగతి తెలుసనుకోవడం పొరపాటు. తెర అంటే దోమని బయట ఉంచడమే. అది ఎక్కడ పుడుతుందో, ఏం తింటుందో ఆయన ఏనాడూ అడగలేదు. అది చెప్పింది బాపట్లలో దేవకుమారి గారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఇరవయ్యేళ్ళ బట్టీ ఆయన దగ్గరే తెరలు కొంటుంది. ఆయన గోడు విని, పెరట్లోని సిమెంటు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, అందులో దోమ పిల్లపురుగుల్ని తింటూ తోకలాడిస్తున్న గప్పీ చేపల్ని చూపించింది.

"దోమ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, మొయినుద్దీన్ గారూ. నీళ్ళ మీద కన్నుండాలి. మీ ఆవిడకి జ్వరం తెచ్చింది కాళ్ళ మీద తెల్ల చారలున్న దోమ. అది మురుగులో పుట్టదు. మంచినీళ్ళలో, కదలని నీళ్ళలో పుడుతుంది. పగలే కుడుతుంది. ఏ నీరైనా వారం నిలిచిందంటే అది దానికి పురిటిల్లే."

"తీసి పారబోస్తే పోతుందాండి?"

"పారబొయ్యడం ఒక్కటే చాలదండి. గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి. ఎండినా చావవు. గట్టిగా రుద్ది కడగాలి."

ఆవిడ ప్లాస్టిక్ డబ్బాలో ఇరవై గప్పీలు పోసిచ్చింది. ఆయన ఆ డబ్బాని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, మూత సందులోంచి చూస్తూ రేపల్లె దాకా వచ్చాడు. పక్కసీటు ఆయన, ఇవి కూర వండుకోవడానికి సరిపోవుగదండీ అన్నాడు. ఈయన నవ్వాడు.

అప్పట్నుంచి ఆయన చేసిన పని చూసి నరసింహానికి నవ్వాగలేదు. చిప్పలన్నీ బోర్లించాడు. పాత టైరుకి బొక్కలు పొడిచాడు. బావి మీద తెర గుడ్డే కుట్టి, చేద వదలడానికి దారి ఉంచి, చుట్టూ తాడుతో బిగించాడు. గుంటలో గప్పీలు వదిలాడు. ఒడ్డున తుంగ మాత్రం కదిలించలేదు, దోమల్ని తినే తూనీగలకి కావాలని దేవకుమారి గారు చెప్పింది. అరటి మొదళ్ళలో, ఆకు మడతల్లో నిలిచిన నీళ్ళని గుడ్డతో అద్దాడు. సాయంత్రాలు వేపాకూ వావిలాకూ కలిపి పొగేశాడు.

"ఏంటి బావా, చేనుకి కూడా తెర కుడతావా ఏంటి?" అని నరసింహం గట్టు మీద నుంచి అరిచేవాడు.

"గుడ్డ చాల్లేదయ్యా, లేకపోతే కుట్టేవాణ్ణే," అనేవాడు ఈయన.

మూడో వారానికి తూనీగలొచ్చాయి. ఎర్రవి, పసుపువి, నీలం తోకవి. పొద్దు వాలే వేళ గుంట మీద అవి తిరుగుతుంటే మొయినుద్దీన్ అరుగు మీద కూర్చుని చూసేవాడు. వాటి రెక్కలు తన గుడ్డలాగే ఉన్నాయి. ఎండ వాటిలోంచి వడకట్టుకుని కిందికి దిగుతోంది. ఎంతసేపు కూర్చున్నాడో తెలిసేది కాదు. కాలువ మీది గాలి, వావిలాకు పొగ, కప్పల బెకబెక అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయేవి. ఇంటి వెనక దోమ తగ్గింది. గుంట దగ్గర తగ్గింది. ఆయన మనసు తేలికైంది.

ఒక్క వేపచెట్టు కింద మాత్రం తగ్గలేదు. ఆసియా ఎక్కడ కూర్చుంటానందో సరిగ్గా అక్కడే పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం అయిదింటికి వచ్చి మోచేతుల మీద వాలేవి. చూస్తే కాళ్ళ మీద తెల్ల చారలు. చుట్టూ వెతికితే తడి అన్నదే లేదు. ఈ ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. దోమకి పుదీనా వాసన పడదని ఎవరో అంటే తొట్టి మొదట్లో, మామగారి పాత మడిలోనే, మూడుసార్లు నాటాడు. మూడుసార్లూ ఎండిపోయింది. ఎండిపోక ఏం చేస్తుంది! నీళ్ళు నిలుస్తాయేమోనన్న భయంతో అక్కడ చెంబెడైనా పొయ్యలేదు మహానుభావుడు.

ఫోనులో ఆ సంగతి చెబితే ఆసియా నిట్టూర్చింది.

"అది నాన్న చేతి చలవండి. ఆయన పోయాడు, అదీ పోయింది. మీరేం చేస్తారు? తొట్టి నింపారా?"

"నింపా."

రోజూ పొద్దున అదే ప్రశ్న, అదే జవాబు.

ఫాతిహా ఇంకా ఆరు రోజులుందనగా, ఓ పొద్దున బిందె వంచబోతూ ఆయన ఆగిపోయాడు. ఎండ ఏటవాలుగా తొట్టిలో పడుతోంది. నీళ్ళు అడుగుదాకా తేటగా ఉన్నాయి. ఆ తేటలో, దారం ముక్కల్లాంటివి, వంకర్లు తిరుగుతూ పైకొస్తున్నాయి, కిందికి పోతున్నాయి. పదులు కాదు, వందలు. చూడ్డానికి అందంగా కూడా ఉన్నాయి. కాసేపు కలలో ఉన్నట్టే చూశాడు. తర్వాత దేవకుమారి గారి మాట గుర్తొచ్చింది. మంచినీళ్ళు, కదలనివి, వారం.

నెల పైనుంచి ఊరంతా వెతికిన దొంగని ఆయన రోజూ స్వయంగా మేపుతున్నాడు. చిప్పలో చెంచాడు నీళ్ళు కూడా వదలనివాడికి ఈ తొట్టి అసలు నీటి లెక్కలోకే రాలేదు. అది నీళ్ళు కాదు, మామగారి పేరు. పేరులో దోమ పుడుతుందని ఎవరనుకుంటారు?

జేబులో ఫోను మోగింది.

"నాన్న తొట్టి నింపారా?"

అప్పుడు తట్టింది ఆయనకి అసలు సంగతి. ముప్పయ్యారు రోజులు. రోజూ ఆవిడ చేతులతోనే. పారబొయ్యకుండా, పైనుంచి పోస్తూ, పక్కనే కూర్చుని ఏడుస్తూ. ఆవిడ జ్వరం ఎక్కణ్ణుంచో రాలేదు, ఇక్కణ్ణుంచే వచ్చింది. ఇది చెబితే ఆ మనిషి ఏమైపోతుంది? నాన్న నీళ్ళే నన్ను కాటేశాయని ఎలా మోస్తుంది? ఆ మొదటి బొమ్మ, ఆ ఎండ, ఆ ధార, అదొక్కటే కదా ఆవిడకి మిగిలింది.

"ఏవండీ, వినపడుతోందా?"

"నింపా," అన్నాడు మొయినుద్దీన్.

మొత్తం తోడి పారబోస్తే సరిపోయేది. చేతులు రాలేదు. పారబొయ్యొద్దని ఆవిడకి మాటిచ్చాడు. అబద్ధం ఒకటి మొదలయ్యాక ఇంకోటి ఆడడానికి మనిషికి భయమేస్తుంది. అందుకని తనకి తెలిసిన విద్యే వాడాడు. తెర గుడ్డ ముక్క తెచ్చి, నీళ్ళని అందులోంచి వడకట్టి మళ్ళీ అదే తొట్టిలో పోశాడు. పెద్ద పురుగులు గుడ్డలో చిక్కాయి, పిల్ల పురుగులు కన్నాల్లోంచి హాయిగా జారిపోయాయి. గుంటలోంచి రెండు గప్పీల్ని పట్టి తొట్టిలో వేశాడు. మర్నాడు పొద్దున్నే లకుముకిపిట్ట ఒకటి, నీళ్ళు తాగడానికని వచ్చి ఫలహారం చేసిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఎత్తుకుపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆరు రోజులూ ఇదే తంతు.

ఫాతిహా రోజు వాళ్ళు పొద్దుటి ప్యాసింజరుకే వచ్చారు. ఆటోలోంచి ముందు ఆసియా దిగింది, వేళ్ళ దాకా చేతులున్న జాకెట్టు, తల చుట్టూ బిగించిన ఓణీ, కాళ్ళకి మేజోళ్ళు. శ్రావణం ఉక్కలో చెమటలు కక్కుతోంది. తర్వాత మదార్‌బీ, చేతికర్ర మీద బరువేసి. ఇద్దత్ ముగిసిన రోజునే ముసలామెని తెనాలి తీసుకుపోయారు. మళ్ళీ ఇప్పుడే ఈ గడప చూడ్డం.

ఆసియా ఎటూ చూడకుండా బావి దగ్గరికి పోయింది. నాన్న బిందె నింపుకుని వేపచెట్టు కిందికొచ్చింది. మొయినుద్దీన్ రెండడుగులు ముందుకేసి ఆగాడు. పొద్దున రెండుసార్లు వడకట్టాడు, అయినా ధైర్యం చాలలేదు.

బిందె వంచబోతుంటే వెనక నుంచి మదార్‌బీ అంది.

"ఏంటే, కడక్కుండానే పోస్తున్నావా?"

ఆసియా చెయ్యి ఆగింది. ముసలామె కర్ర చెట్టుకి ఆనించి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా తొట్టి పక్కన చతికిలబడింది. వేప మొదట్లో, వేరు సందులోకి చెయ్యి పెట్టి వెతికింది. రెండేళ్ళ నుంచి ఎవరి కంటా పడని కొబ్బరి చిప్ప ఒకటి, ఎండిన కొబ్బరి పీచు ఒకటి పైకి తీసింది. ఆ చేతికి దారి తెలుసు. చిప్పతో నీళ్ళు తోడి, తల తిప్పకుండానే, పుదీనా మడి ఉండే చోట పోసింది. మళ్ళీ తోడింది, మళ్ళీ పోసింది.

"అమ్మా! నాన్న నీళ్ళే అవి!"

"నిన్నటి నీళ్ళే, పిచ్చిదానా. మీ నాన్న కొత్తవి పోస్తాడుగా," అంది మదార్‌బీ. అని, పోస్తాడు అన్నమాట తనకే వినపడి, ఒక్క క్షణం చిప్ప గాల్లో ఆపింది. తర్వాత మళ్ళీ తోడింది.

ఆసియా కింద చూసింది. తడిసిన మట్టి మీద, ఇంకుతున్న నీళ్ళలో, సన్నటి దారప్పోగులు తన్నుకుంటున్నాయి. ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి గోడ మీద అంటించిన కాగితంలో ఈ దోమ పురుగుల బొమ్మే తొమ్మిది రోజులు చూసింది. బిందె దించింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

"తెలుసు. ఆరు రోజులైంది."

"ఎందుకు చెప్పలేదు?"

"నీ చేత్తో నింపావు కదా," అన్నాడు మొయినుద్దీన్.

ఆసియా వేప మొదట్లో కూలబడింది. "నేనే నింపుకున్నానన్నమాట. నా జొరం నేనే. నాన్న పేరు చెప్పి."

"నింపడం తప్పేంటే?" అంది మదార్‌బీ, పీచుతో రోలు అంచు కరకరా రుద్దుతూ. "మంచి పనే చేశావు. కడగాలని నీకు తెలీదు, నేను చెప్పలేదు. లోపల కూర్చుని రోజూ నీ బిందె చప్పుడు వినేదాన్ని. నా కూతురు అచ్చం వాళ్ళ నాన్నలాగే పోస్తోందనుకునేదాన్ని. ముందర రుద్దే చప్పుడేదీ అని నాకే తట్టలేదు. ఎప్పుడూ ఆ చప్పుడు నేనే చేసేదాన్ని కదా, బయటి నుంచి వినే అలవాటు లేదు."

"రోజూ నువ్వే కడిగేదానివా?"

"మరెవరు? తెల్లారకముందే లేచి నిన్నటివి తోడి పుదీనాకి పోసి, రుద్ది వచ్చేదాన్ని. నమాజవగానే మీ నాన్న వచ్చి నింపేవాడు. అప్పుడు ఎండొచ్చేది, పిట్టలొచ్చేవి, దారిన పోయేవాళ్ళు సలాం చెప్పేవాళ్ళు. సైదావలి తొట్టి అని పేరు కూడా వచ్చింది ఆయనకి." ముసలామె నవ్వింది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. "నువ్వు ఎప్పుడు లేచావు గనకే అంత పొద్దున?"

ఆసియా తల్లి చేతుల వైపు చూసింది. ముడతలు పడ్డ వేళ్ళు, రాతి అంచు మీద, ఎక్కడ గరుకో ఎక్కడ నునుపో తెలిసిన వేళ్ళు. యాభై రెండేళ్ళుగా తను దాచుకున్న బొమ్మలో ఈ చేతులు లేవు. బొమ్మ మొదలయ్యేసరికే ఇవి పని ముగించి వంటింట్లోకి వెళ్ళిపోయేవి. పుదీనా వాసన మాత్రం మంచం దాకా వచ్చేది. అది నాన్న వాసన అనుకుంది ఇన్నాళ్ళూ.

"నాన్న పోయాడని రెండేళ్ళు ఏడ్చానమ్మా," అంది. "నువ్వున్నావని ఒక్కరోజు కూడా చూళ్ళేదు. నిన్ను తీసుకెళ్ళి కింద గదిలో పడేశా."

"సరేలే, లేచి ఆ బిందె ఇటు తే. ఎండెక్కుతోంది, పిట్టలు చూస్తున్నాయి," అంది మదార్‌బీ.

ఆసియా లేచింది. కడిగిన తొట్టిలోకి ధార పడింది. వేపాకుల్లోంచి ఎండ దిగి ఆ ధారలో మెరిసింది. మొయినుద్దీన్ దూరంగా నిలబడి చూస్తూ, కళ్ళ ముందు మళ్ళీ తెర కట్టినట్టయి, తుడుచుకున్నాడు. ఈసారి అది గుడ్డ కాదు.

ఆ సాయంత్రం అన్న ప్రకారమే ఆసియా వేపచెట్టు కింద మంచం వేయించుకుంది. ఓణీ తలమీంచి తీసింది, మేజోళ్ళు విప్పింది. మళ్ళీ మొలిచిన జుట్టు ఇంకా భుజాల దాకా కూడా రాలేదు. పక్కన మదార్‌బీ కూర్చుంది. గుంట మీద తూనీగలు తిరుగుతున్నాయి. పొగ నేలమీద పాకుతూ కాలువ వైపు పోతోంది. నరసింహం గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు కానీ, వాళ్ళని చూసి ఏమీ అడగలేదు.

ఒక దోమ వచ్చింది. చెట్టు కింద పాతవి ఇంకా కొన్ని ఉంటాయి, ఒక్కరోజులో ఎక్కడికి పోతాయి? ఆసియా మణికట్టు మీద వాలింది. కాళ్ళ మీద తెల్ల చారలు. మొయినుద్దీన్ ఊపిరి బిగబట్టాడు. ఆసియా కూడా బిగబట్టింది. చెయ్యి మాత్రం కదల్లేదు. మదార్‌బీ అరచేయి టప్పున పడింది.

"ఎన్నొచ్చాయే?" అంది ముసలామె.

"ఒకటేనమ్మా."

"ఒక్కదానికేనా ఇన్నాళ్ళు మేడెక్కి కూర్చున్నావు?"

ఆసియా నవ్వింది. నవ్వుతూనే తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. భయం పూర్తిగా పోలేదు, ఇంకా చాలాకాలం ఉంటుందని ఆవిడకీ తెలుసు. అయినా లేచి లోపలికి పోలేదు. గూళ్ళకి చేరే పిట్టలు తొట్టి దగ్గర ఆగి, ఆఖరి గుక్క తాగి పోయాయి. గుంట నల్లబడింది. తూనీగలు కనిపించడం మానేశాయి. చీకటి పడింది.

నరసింహం గట్టు మీద నుంచి, "పడుకోండక్కా, రేపొస్తా," అని తన దారిన తను పోయాడు. మర్నాడు వచ్చాడు గానీ కౌలు మాట ఎత్తలేదు. కాసిని పుదీనా కాడలు, వేళ్ళతో సహా, తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు.

పదిహేను రోజుల తర్వాత మొయినుద్దీన్ తెరల మూటతో బాపట్లలో బస్సు దిగాడు. దేవకుమారి గారికి గప్పీల కబురు చెప్పాలి, లకుముకి సంగతి కూడా. అప్పుడే తెల్లారింది. అలవాటు కొద్దీ ఆయనే ఫోను చేశాడు. అవతల ఆసియా గొంతు, నిద్రమత్తు ఛాయే లేదు.

"తొట్టి నింపావా?" అన్నాడు.

ఫోనులో రాతి మీద పీచు రుద్దుతున్న చప్పుడు వినపడింది. ఆ వెనక ఎక్కడో మదార్‌బీ, అంచు కింద కూడా రుద్దవే, అక్కడే దాక్కుంటాయి, అంటోంది.

"నింపావా అని అందరూ అడుగుతారండి," అంది ఆసియా. "కడిగావా అని అడగండి."

బస్టాండులో జనం ఆయన్ని తప్పించుకుంటూ పోతున్నారు. మొయినుద్దీన్ భుజం మీది మూట కిందికి దించి, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"కడిగావా?" అని అడిగాడు.